ఇంటిల్లిపాదికీ నప్పే విహారయాత్ర: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాల కోసం సమగ్ర మార్గదర్శి

విహారయాత్ర మాట రాగానే మన ఇళ్ళలో మొదటి ప్రశ్న “ఎక్కడికెళ్దాం?” అన్నదే. ఒకరు అరకు అంటారు, ఒకరు తిరుపతి అంటారు, పిల్లలు హైదరాబాద్ అని పట్టుబడతారు. చివరికి ఎవరి పట్టు గట్టిదైతే ఆ ఊరికే టికెట్లు తీస్తారు. తీరా వెళ్ళాక మెట్లెక్కలేని అమ్మ కిందే కూర్చుండిపోతుంది. ఆవిడకు తోడుగా కోడలు ఆగిపోతుంది. చంటిపిల్ల ఎండకు తాళలేక ఏడుస్తుంది. ఖర్చు అందరిదీ, చూసింది ఇద్దరు ముగ్గురు.

ఊరు బాగోక కాదు, ఆ ఊరు ఆ మనుషులకు నప్పక. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ఊరి పేరు నాలుగో అడుగులో గానీ రాదు. అంతవరకూ ఎవరూ ఏ ఊరి పేరూ ఎత్తకూడదని ముందే అనుకోండి.

మొదటి అడుగు: మనుషుల్ని కాగితం మీద పెట్టండి

వచ్చేవాళ్ళందరి పేర్లూ ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కన మూడు విషయాలు: ఆగకుండా ఎంతసేపు నడవగలరు, ఏ మందు ఏ వేళకు వేసుకోవాలి, వాళ్ళకు ఏం చూడాలని ఉంది. మూడోదాన్ని అందరి ముందూ అడగొద్దు, ఒక్కొక్కరినీ విడిగా అడగండి. పెద్దవాళ్ళు “నాకేటి కావాలమ్మా, మీరెక్కడికెల్తే నానూ అక్కడికే” అంటారు. ఆ జవాబుతో సరిపెట్టుకోవద్దు. సముద్రమా, గుడా, కొండా, చుట్టాలిల్లా అని ఒక్కొక్కటీ అడిగితే ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట బయటపడుతుంది.

నడక విషయంలో మొహమాటం వద్దు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు “పర్వాలేదు, నడుస్తాను” అంటారు. ఇంటి దగ్గర అరగంట నడిచి చూడమనండి. వాళ్ళు ఎంత నడవగలిగితే మీ యాత్రలో ఒక చోటికి నడక అంతే ఉండాలి. అంతకు మించి నడవగలిగినవాళ్ళు తెల్లవారుజామునో సాయంత్రమో విడిగా వెళ్ళి రావచ్చు. యాత్ర మొత్తం మాత్రం ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళ అడుగును బట్టే సాగాలి.

ఇంట్లో వంట చేసేవాళ్ళకు సెలవు దొరుకుతుందా అన్నది కూడా ఈ కాగితం మీద రాయాల్సిందే. ఖర్చు కలిసొస్తుందని గ్యాస్ స్టవ్వు, బియ్యం, పప్పు కట్టుకెళ్ళి సత్రంలో వండుకునే కుటుంబాలు మన వైపు చాలా ఉన్నాయి. అలా వెళితే ఇంట్లో వంట చేసే ఆవిడే ఊరు మారినా పొయ్యి దగ్గరే ఉంటుంది. స్తోమత లేకపోతే మూడు రోజుల యాత్రను రెండు రోజులు చేయండి గానీ, ఆవిడ చేత వండించకండి. దారికి పులిహోర, జంతికలు, పెద్దవాళ్ళకు పెరుగన్నం కట్టుకోవడం వేరే సంగతి. ఆ పని ముందురోజు అందరూ కలిసి చేయొచ్చు.

ఇంట్లో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళు ఉంటే, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ళలో ఇది చాలా ఇళ్ళ సంగతి, యాత్ర రెండు డయాలసిస్‌ల నడుమ పట్టాలి. వారానికి రెండుసార్లో మూడుసార్లో చేయించుకునేవాళ్ళకు నడుమ దొరికేది ఒకటి నుంచి మూడు రోజులే. డయాలసిస్ అయిన రోజు నీరసంగా ఉంటారు కాబట్టి మరునాడు పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరే యాత్ర వేసుకోండి. ముందుగా డాక్టరును అడగండి. తాగే నీళ్ళకు లెక్క ఉంటుంది, ఉప్పు తగ్గించాలి, కాబట్టి వాళ్ళ తిండి ఇంటి నుంచే తీసుకెళ్ళండి. జబ్బు మనిషిని ఇంట్లో వదిలి మిగతావాళ్ళు దూరం వెళ్ళేకంటే, అందరూ కలిసి దగ్గరలోని సముద్రం ఒడ్డున ఒక పూట కూర్చుని రావడమే నాకు మంచిదనిపిస్తుంది.

రెండో అడుగు: తేదీ

మన జిల్లాల్లో తేదీని నిర్ణయించేది బడి సెలవులు మాత్రమే కాదు. హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో పనిచేసే కొడుకో అల్లుడో ఎప్పుడొస్తాడన్నది పెద్ద లెక్క. వచ్చేది సాధారణంగా సంక్రాంతికో, దసరాకో, ఊరి అమ్మవారి పండుగకో. అప్పుడే యాత్ర కూడా పెట్టుకుంటారు. రైళ్ళు కిక్కిరిసేదీ, లాడ్జీలు రేట్లు పెంచేదీ అప్పుడే. వీలైతే పండుగ అయిన మూడు నాలుగు రోజుల తర్వాత బయల్దేరేలా అతని సెలవును కాస్త అటు జరపమనండి. పండుగ ఇంట్లో, యాత్ర తర్వాత. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. దానికి వచ్చే చుట్టాలు వెళ్ళిపోయేదాకా మీ ఇంట్లో ఎవరూ కదలలేరని ముందే లెక్కేసుకోండి.

వ్యవసాయం ఉన్న ఇళ్ళు వరి కోతలు, నూర్పిళ్ళు అయ్యేదాకా ఆగాలి. ఉద్దానంలో జీడిమామిడి తోటలున్నవాళ్ళకు వేసవి ఖాళీ కాలం కాదు. అలాంటి ఇళ్ళకు సంక్రాంతి దాటాక జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో రెండు మూడు రోజులు బాగా కుదురుతాయి. ఒక శనివారం, ఆదివారానికి ఇంకో రోజు బడి సెలవు కలిపితే చాలు.

వాతావరణం సంగతి. మే నెలలో మన దగ్గర వడగాలులు. బడి సెలవులు అప్పుడే కదా అని కోణార్క్ రాతిగుడి ముందు మధ్యాహ్నం నిలబెడితే పిల్లలకూ పెద్దలకూ ప్రమాదం. వేసవిలోనే వెళ్ళాలంటే కొండ ప్రాంతమో, సాయంత్రం మాత్రమే బయటకు వచ్చే సముద్రతీరమో ఎంచుకోండి. ఇక దసరా సెలవుల కాలం తుపాన్ల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపును ఎలా ఊడ్చేశాయో మనం చూశాం. అక్టోబరు, నవంబరు నెలల్లో తీరం వెంబడి యాత్ర పెట్టుకుంటే బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ హెచ్చరికలు చూస్తూ ఉండండి. బుక్ చేసే ముందే, తుపాను వస్తే గది డబ్బు తిరిగిస్తారా అని లాడ్జీవాళ్ళను అడగండి.

మూడో అడుగు: డబ్బు

ప్రయాణం, బస, తిండి అందరూ లెక్కేస్తారు. చాలామంది లెక్క తప్పేది ఆటోల దగ్గర. ఏడుగురు మనుషులు, నాలుగు పెద్ద సంచులు అంటే ప్రతిసారీ రెండు ఆటోలు. స్టేషన్ నుంచి లాడ్జికి, లాడ్జి నుంచి గుడికి, గుడి నుంచి హోటలుకు, మళ్ళీ వెనక్కి. రోజుకు ఎన్నిసార్లు ఎక్కుతామో రాసుకుని, రెండు ఆటోలతో హెచ్చవేయండి. ఆ మొత్తం చూశాక ఆ రోజుకు ఒక వ్యాను మాట్లాడుకోవడమే చవకని తేలవచ్చు. అన్నీ కలిపాక అయిదో వంతు విడిగా పక్కన పెట్టండి. అది ఖర్చు చేయడానికి కాదు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతేనో, బండి రద్దయితేనో పనికొస్తుంది.

అన్నదమ్ముల కుటుంబాలు, లేదా అక్కాచెల్లెళ్ళ కుటుంబాలు కలిసి వెళ్తుంటే బయల్దేరే ముందే ఒక మాట అనుకోవాలి: తలకింతనా, కుటుంబానికింతనా? అన్నకు ఇద్దరు పిల్లలు, తమ్ముడికి ఒక్కడే అయితే ఈ తేడా పైకి చిన్నగా కనిపిస్తుంది, తిరిగొచ్చాక మాటల్లో బయటపడుతుంది. బండి, గదులు, అందరూ కలిసి తినే భోజనాలకు ఉమ్మడి సొమ్ము ముందే పోగుచేసి ఒకరి చేతిలో పెట్టండి, వాళ్ళు రోజూ రాత్రి లెక్క రాయాలి. బట్టలు, బొమ్మలు, ఐస్‌క్రీములు ఎవరివి వాళ్ళవి. అమ్మానాన్నల ఖర్చు ఎవరు పెడతారో కూడా వాళ్ళ చెవిన పడకుండా ముందే తేల్చుకోండి. తమ టికెట్టు గురించి కొడుకులు లెక్కలు వేసుకుంటున్నారని తెలిస్తే పెద్దవాళ్ళు రానంటారు.

నాలుగో అడుగు: ఇప్పుడు ఊరు

కాగితం, తేదీ, డబ్బు ముందు పెట్టుకుంటే సగం ఊళ్ళు వాటంతట అవే తొలగిపోతాయి.

ఒక్క రోజుకైతే దూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి పొద్దున్నే అరసవల్లి, అక్కడి నుంచి శ్రీకూర్మం, సాయంత్రం కళింగపట్నం తీరం. అరసవల్లిలో ఆదివారం, రథసప్తమి రద్దీ పెద్దవాళ్ళు తట్టుకోలేరు, మామూలు రోజు చూసుకోండి. శ్రీకూర్మంలో పిల్లలను గుడి ఆవరణలో పెంచే తాబేళ్ళ దగ్గర కాసేపు వదిలేయండి. రెండు ధ్వజస్తంభాలు ఎందుకున్నాయో వాళ్ళే అడుగుతారు. దారిలో ఉన్న శాలిహుండం బౌద్ధ స్తూపాలు నాకు చాలా ఇష్టమైన చోటు, కొండ మీద నుంచి వంశధార కనిపిస్తుంది. కాకపోతే ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఉంటే దాన్ని వదిలేయండి. కళింగపట్నంలో నది సముద్రంలో కలిసే చోట నీటి లాగుడు ఎక్కువ, ఈత వచ్చినా సరే లోపలికి దిగొద్దు. కాళ్ళు తడుపుకోవడంతో సరిపెట్టండి.

చలికాలంలో పిల్లలున్న ఇళ్ళకు నేను మొదట చెప్పేది టెక్కలి దగ్గరి తేలినీలాపురం. ఎక్కడి నుంచో వలస వచ్చిన గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి. తలెత్తితే చాలు, పిల్లపక్షి తల్లి గొంతులోకి మూతి పెట్టి చేపలు తినడం కనిపిస్తుంది. ఒక బైనాక్యులర్ అరువు తెచ్చుకోండి. పొద్దున్నే వెళ్ళండి, చెట్ల కింద అరవొద్దని పిల్లలకు ముందే చెప్పండి. అదే దారిలో మందస వెళితే వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, ఆ ఊరి కోవా కొనుక్కుని రావచ్చు.

విజయనగరం వాళ్ళకు రామతీర్థం, తాటిపూడి జలాశయం, బొబ్బిలి కోట ఒక్క రోజులో వెళ్ళొచ్చేవే. వీణల మీద ఆసక్తి ఉన్న పిల్లలుంటే బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస కర్రను తొలిచి వీణ చేయడం చూపించండి.

రెండు మూడు రోజులకు అరకు. కిరండూల్ వెళ్ళే బండి పొద్దున్నే విశాఖలో బయల్దేరి కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా సొరంగాల్లోంచి కొండెక్కుతుంది. విజయనగరం వాళ్ళు విశాఖ దాకా పోకుండా శృంగవరపుకోటలోనో కొత్తవలసలోనో ఎక్కవచ్చు. అద్దాల బోగీ కావాలంటే రిజర్వేషన్ ముందే చేసుకోవాలి. రైల్లో వెళ్ళి రోడ్డున దిగడం మంచి పద్ధతి, అయితే ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే రెండు వైపులా రైలే మేలు. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, లోపల ఉక్కపోత. నడవలేనివాళ్ళకు బయట నీడలో కూర్చునే చోటు చూసి, తోడు ఒకరిని వంతులవారీగా ఉంచండి. తినుబండారాలు చేతిలో పట్టుకుని తిరగొద్దు, కోతులు లాక్కుంటాయి.

మన జిల్లాల వాళ్ళకు బాగా దగ్గరైనా ఎక్కువమంది తలచనిది ఒడిశా. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, అక్కడి నుంచి 15 కిలోమీటర్లలో గోపాల్‌పూర్ సముద్రం, ఇంకాస్త పైకి వెళితే రంభ దగ్గర చిలకా సరస్సు. బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది, భాష బెంగ అక్కర్లేదు. పూరీలో సముద్ర స్నానం చేయించే నోలియాలు కూడా ఎక్కువగా తెలుగు మాట్లాడే జాలరులే. పెద్దవాళ్ళు వాళ్ళ చెయ్యి పట్టుకుని ధైర్యంగా దిగవచ్చు.

పూరీ యాత్ర ఎలా వేసుకోవాలో ఒక ఉదాహరణ చెబుతాను. నరసన్నపేటలో ఉండే తాత, మామ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు అనుకోండి. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఎక్కుతారు. నేరుగా పూరీ వెళ్ళే బండి దొరికితే సరే, లేకపోతే ఖుర్దారోడ్‌లో దిగి మారాలి. సామాన్లతో ఓవర్‌బ్రిడ్జి ఎక్కడం తాతకు కష్టం కాబట్టి, కాస్త ఆలస్యమైనా నేరుగా వెళ్ళే బండే చూసుకోవాలి. మొదటి రోజు గది చేరి స్నానాలు, నిద్ర, సాయంత్రం సముద్రం, అంతే. రెండో రోజు తెల్లవారాక జగన్నాథుని దర్శనం. ఫోన్లు, తోలు వస్తువులు లోపలికి రానివ్వరు, గదిలోనే వదిలేయండి. దర్శనం తర్వాత గుడి ఆవరణలోనే ఉన్న ఆనంద బజారులో మహాప్రసాదం తింటే కోడలికి మధ్యాహ్నం తిండి వెతుక్కునే పని ఉండదు. మధ్యాహ్నం విశ్రాంతి. మూడో రోజు పొద్దున్నే 35 కిలోమీటర్లలో ఉన్న కోణార్క్. ఎండెక్కకముందే గుడి చుట్టూ తిరిగి రావాలి. అరసవల్లికి తరచూ వెళ్ళే మామ్మకు ఇంకో సూర్యదేవుని గుడి చూడటం ఎంత ఇష్టమో వేరే చెప్పనక్కర్లేదు, కాకపోతే అక్కడ పూజలు జరగవని ముందే చెప్పండి. చిలకాలో డాల్ఫిన్లు చూపించే సాతపడా, పటచిత్రాలు వేసే రఘురాజ్‌పూర్ రెండింటిలో ఒకటే, అదీ యాత్రను ఒక రోజు పెంచితేనే పెట్టుకోవాలి. లేదంటే నాలుగో రోజు తిరుగు ప్రయాణం. ఇందులో ఏ రోజూ రెండు పెద్ద చోట్లు లేవు చూడండి. రోజుకు ఒకటే పెద్ద చోటు, అదీ పొద్దున్న. మధ్యాహ్నం భోజనం, కునుకు. సాయంత్రం ఎవరికి నచ్చింది వాళ్ళు.

ఇక దూరం. తిరుమల పెట్టుకుంటే ముందు దర్శనం, తర్వాత రైలు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, రైలు రిజర్వేషన్ ఆ తర్వాత గానీ తెరుచుకోదు. హైదరాబాద్ వెళితే సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, విశాఖ జూకు సోమవారం సెలవు. పిల్లలకు మాటిచ్చే ముందు ఇలాంటివి చూసుకోండి.

అయిదో అడుగు: టికెట్లు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబరు 1కి ముందు 120 రోజులు ఉండేది, పాత లెక్కలో ఉండొద్దు. పొద్దున్న 8 గంటలకు మొదలవుతుంది. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ముందే జోడించి, అందరి పేర్లూ వయసులూ అందులో ఎక్కించి ఉంచండి. 5 ఏళ్ళ లోపు పిల్లలకు బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. 5 నుంచి 12 ఏళ్ళ లోపు వాళ్ళకు బెర్త్ లేకుండా సగం చార్జీ, బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ. రాత్రి ప్రయాణమైతే పూర్తి చార్జీయే పెట్టండి. నిద్రపోతున్న పదేళ్ళ పిల్లవాడిని పక్కన పెట్టుకుని తల్లి తెల్లవార్లూ కూర్చోవాల్సిన పని లేదు.

పెద్దవాళ్ళకు కింది బెర్త్ కోటా ఉంది. మగవాళ్ళకు 60, ఆడవాళ్ళకు 45 ఏళ్ళు నిండాలి, ఒక టికెట్‌లో ఇద్దరికి మించకూడదు. అంటే వాళ్ళది విడి టికెట్ తీయాలి. వేరే బోగీలో పడే అవకాశం ఉంది కాబట్టి, టికెట్ తీసే ముందు ఇంట్లో మాట్లాడుకోండి.

మన స్టేషన్లు దారిలో తగిలేవి కావడంతో శ్రీకాకుళం రోడ్ నుంచి వెయిటింగ్ లిస్ట్ చూపించినా, అదే బండిలో వెనక స్టేషన్ నుంచి సీట్లు ఉండవచ్చు. ఒడిశా వైపు వెళ్తుంటే విశాఖ నుంచి, తిరుపతి వైపు వెళ్తుంటే పలాస నుంచో బరంపురం నుంచో వెతకండి. కొంచెం చార్జీ ఎక్కువవుతుంది. అలా తీస్తే బోర్డింగ్ స్టేషన్‌ను టికెట్ తీసేటప్పుడే మీ స్టేషన్‌కు మార్చాలి, లేదంటే మీ బెర్త్ వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. తత్కాల్ మీద ఆధారపడి ఏడుగురి యాత్ర వేసుకోవద్దు.

అద్దె బండైతే ఇవి అడగండి: డ్రైవరు బత్తా, రాత్రి హాల్ట్ డబ్బు ఇందులోనేనా, ఒడిశా పర్మిట్ ఉందా, టోల్ ఎవరిది. జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. రాత్రంతా బండి నడిపించి పొద్దున్న మళ్ళీ కొండెక్కించొద్దు, డ్రైవరుకూ పడుకునే చోటు, భోజనం మీరే చూడండి.

ఆరో అడుగు: గది

ఫొటోలు చూసి బుక్ చేసేయకుండా ఫోన్ చేయండి. లిఫ్ట్ ఉందా, పనిచేస్తోందా? లేకపోతే కింది అంతస్తులో గది ఇస్తారా? పెద్దవాళ్ళ గదిలో వెస్ట్రన్ టాయిలెట్ ఉందా? వేడినీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి? 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12కి ఖాళీ చేయాలా? మీ బండి తెల్లవారుజామున 4 గంటలకు దిగితే ఈ చివరి ప్రశ్న మీద ఒక పూర్తి రోజు అద్దె ఆధారపడి ఉంటుంది. గుడికో సముద్రానికో నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉన్న మామూలు గది, ఊరి చివర ఉన్న గొప్ప హోటలు కంటే కుటుంబానికి నయం. మధ్యాహ్నం గదికి తిరిగొచ్చి పడుకోవచ్చు.

ఏడో అడుగు: సంచులు, ఇల్లు

మందులు ఒకే సంచిలో పెట్టొద్దు. రెండు భాగాలు చేసి రెండు చేతిసంచుల్లో ఉంచండి, డాక్టరు చీటీకి ఫొటో తీసుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జ్వరం మందు, వాంతుల మాత్రలు, పిల్లలకు ఒక జత బట్టలు చేతికందేలా ఉండాలి. ఆధార్ అసలు కార్డులు ఒకరి దగ్గర, నకళ్ళు ఇంకొకరి దగ్గర. తాత జేబులో, చిన్నపిల్లల జేబులో ఫోన్ నంబరు, లాడ్జి పేరు రాసిన చీటీ పెట్టండి. పూరీ గుడి రద్దీలో అదే పనికొస్తుంది.

పశువులుంటే పాలు పితికేవాళ్ళతో తేదీలు ముందే చెప్పుకోండి. గ్యాస్ సిలిండరు కట్టేసి, మోటారు స్విచ్ ఆపి, ఒక తాళంచెవి నమ్మకమైన పక్కింటివాళ్ళకు ఇవ్వండి. వెళ్తున్న ఫొటోలు తిరిగొచ్చాకే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోండి.

తిరుగు టికెట్‌ను బడి తెరిచే రోజుకు, లేదా అబ్బాయి మళ్ళీ హైదరాబాద్ బండెక్కే రోజుకు కనీసం ఒక రోజు ముందు ఇల్లు చేరేలా తీయండి. ఆ రోజు వంట కూడా పెట్టుకోవద్దు, వచ్చే దారిలో ఇడ్లీలు కట్టించుకుని తెచ్చుకోండి.